ముప్పై రెండో చోటు

ఆ బడిలో చదివిన వాళ్ళెవరినైనా పట్టుకుని ఒక చెట్టు గీయమనండి. కళ్ళు మూసుకుని గీసేస్తారు. కింద రెండు నిలువు గీతలు, పైన మబ్బులాంటి గుండ్రం, ఆ గుండ్రంలో ఐదు ఎర్ర పళ్ళు. నాలుగూ కాదు, ఆరూ కాదు, ఐదే. బడి బ్యాడ్జీ మీద అదే చెట్టు, గేటు మీద అదే చెట్టు, మార్కుల కార్డు అట్ట మీదా అదే చెట్టు. వీధి చివర మందుల కొట్టాయన ఫోన్లో మాట్లాడుతూ బిల్లు వెనక ఊరికే పెన్ను ఆడించినా వచ్చేది అదే. ఆయనా అక్కడ చదివినవాడే మరి.

ఆ చెట్టును పుట్టించింది బొమ్మల టీచర్. ముప్పై ఒక్కేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, అరవై మంది పిల్లలు ఒక్కసారే మీదపడి "టీచర్, నాకు రావడం లేదు" అని ప్రాణాలు తోడేస్తుంటే, ఆమె ఒక దళసరి అట్టను చెట్టు ఆకారంలో కత్తిరించి వాళ్ళ చేతికిచ్చింది. కాగితం మీద అట్ట పెట్టు, చుట్టూ పెన్సిల్ తిప్పు, రంగు వెయ్యి. ఏడుపులు ఠక్కున ఆగిపోయాయి. అప్పటి హెడ్మాస్టరు మెచ్చుకుని ఆ చెట్టునే బ్యాడ్జీ మీదికి ఎక్కించాడు. అట్ట ఇప్పటికీ డ్రాయింగ్ గది బీరువాలో ఉంది. వేలమంది పిల్లల పెన్సిళ్ళ మసి పట్టి దాని అంచులు నల్లబడిపోయాయి. దాని పక్కనే ఒక ఎర్ర పెన్సిల్ ఉంటుంది. అట్ట దాటి గీసిన గీతల్ని కొట్టెయ్యడానికి.

ఈ ఏడాదితో ఆమె ఉద్యోగం ముగుస్తుంది. ఇంకో రెండేళ్ళు ఉంచుకుందామని బడివాళ్ళే అనుకున్నారు. ఆ కాగితం పెద్ద టీచర్ బల్ల మీద ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఆ రెండేళ్ళు ఆమెకు కావాలి. దాచుకోవడం ఎందుకు, చాలా కావాలి. ఇల్లంటే ఆమెకు తెలిసింది ఆదివారాలు మాత్రమే, వారంలో మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో ఏం చెయ్యాలో ఆమెకు బొత్తిగా తెలియదు.

అంతా సవ్యంగా సాగిపోతుండగా ఒక మంగళవారం రెండో తరగతిలో ఎందుకమ్మ చెయ్యెత్తింది.

ఎందుకమ్మ అంటే ముందు పళ్ళు రెండూ ఊడిన ఒక పిల్ల. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ప్రశ్న అడగకుండా మంచినీళ్ళు కూడా తాగదని టీచర్లందరూ ఆ పేరు పెట్టుకున్నారు.

"టీచర్, ఈ చెట్టు ఎక్కడుంది?"

"ఎక్కడుండటమేమిటి? బొమ్మలో ఉంది."

"బొమ్మలో కాదు, నిజంగా. మా నాన్న కూడా ఇదే గీస్తాడు. వెళ్ళి చూద్దాం పద అంటే, ఎక్కడుందో నాకు తెలీదు, మీ టీచర్ని అడుగు అన్నాడు."

ముప్పై తలలు పైకి లేచాయి. బొమ్మల టీచర్ "ముందు రంగు వెయ్యి" అని కసిరింది. ఆ కసురు తనకే నచ్చలేదు.

మధ్యాహ్నం రోజూలాగే కుంచెలు కడిగిన నీళ్ళు పెరట్లో పారబొయ్యడానికి వెళ్ళింది. పారబొయ్యబోయి ఆగింది. ఆ రంగునీళ్ళు ఇన్నేళ్ళుగా ఆమె పోస్తున్నది ఒక చెట్టు మొదట్లోనే. గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, ఆ చెట్టును గుర్తు తెచ్చుకుంటూ గీద్దామని పెన్సిల్ పట్టుకుంది. రెండు నిలువు గీతలు పడ్డాయి. తర్వాత చెయ్యి తనంతట తనే మబ్బు గీసేసింది. ఆమె ఆ కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యలేదు, ఎవరైనా చూస్తారని సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. అంత సిగ్గేసింది ఆమెకు.

మర్నాడు రెండో తరగతిని మొత్తం పెరట్లోకి తోలుకెళ్ళింది. పెన్సిళ్ళు ముట్టుకోనివ్వలేదు.

"చూడండి. ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెప్పాలి. ముందువాళ్ళు చెప్పింది చెప్పకూడదు."

మొదటి ముగ్గురూ ఆకులు పచ్చగా ఉన్నాయి, మాను గోధుమరంగులో ఉంది, పళ్ళు ఎర్రగా ఉన్నాయి అని చూడకుండానే అప్పజెప్పేశారు. నాలుగోవాడు మాను వైపు చూసి ఆగిపోయాడు.

"టీచర్, ఇది గోధుమరంగు కాదు. మా తాతయ్య గడ్డం రంగు."

అక్కడ కట్ట తెగింది. పళ్ళు ఎక్కడున్నాయిరా, ఒక్కటి కూడా లేదు. కరెంటు తీగ ఉన్న వైపు కొమ్మలు కొట్టేశారు, రెండో వైపు మాత్రం గుబురుగా ఉంది. చీమలు ఎక్కుతున్నాయి గాని దిగడం లేదు. ఒక కొమ్మ గోడ మీద మోచెయ్యి ఆనించింది. గంట కొట్టినా పిల్లలు కదల్లేదు. తర్వాతి పీరియడు లెక్కల మాస్టారిది. ఆయన వరండాలో నిలబడి వాచీ చూసుకుంటూ మొహం మాడ్చుకున్నాడు.

పద్ధతి ఆమెకు నడుస్తూ నడుస్తూ దొరికింది. పెరడుకీ ఆటస్థలానికీ మధ్య పాత ఇనుప కంచె ఒకటుంది. చెట్టు ఆ కంచెను ఆనుకునే పెరిగింది. చెట్టు చుట్టూ అడుగులు కొలుచుకుంటూ తిరిగి, గచ్చు మీద సుద్దతో, మట్టి మీద పెంకు ముక్కలతో చోట్లకు నంబర్లు వేసింది. సరిగ్గా ఒక చుట్టుకు ముప్పై రెండు చోట్లు వచ్చాయి. పిల్లలు ముప్పై ఒక్క మంది. చివరిది ఖాళీగా ఉండిపోయింది. నీ చోటు నీదే, మారడానికి వీల్లేదు. మూడుసార్లు చూడు, ఒక గీత గియ్యి. మళ్ళీ మూడుసార్లు చూడు. రబ్బర్లన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టేసింది. పిల్లలు చొక్కాలు విప్పమన్నట్టు చూశారు.

ముప్పై ఒక్కేళ్ళ కిందట ఆగిపోయిన ఏడుపులు మళ్ళీ మొదలయ్యాయి.

"టీచర్, నాకు రావడం లేదు."

"ఏడుస్తూనే చూడు. కన్నీళ్ళు తుడుచుకుని ఒక గీత గియ్యి."

మూడు వారాలు ఇదే వరస. ఒక పిల్ల వెల్లకిలా పడుకుని గీసింది, ఆ బొమ్మలో అసలు మానే లేదు, అన్నీ కొమ్మల అడుగులే. ఒకడి చోటుకు నీళ్ళ ట్యాంకు అడ్డం వచ్చింది. చోటు మారుస్తానన్నా వాడు ఒప్పుకోకుండా ట్యాంకును బోల్టులతో సహా గీసి, దాని వెనక జానెడు ఆకులు పెట్టాడు. ముప్పై ఒకటో చోటు ఎందుకమ్మది. ఆమె గీసిన కంచెలో ఒక అడ్డ కడ్డీ సూటిగా వచ్చి మానులోకి దూరిపోయింది, రెండో పక్క బయటికి రాలేదు.

"ఇదేమిటే, మిగతా కడ్డీ ఏది?"

"చెట్టు తినేసింది టీచర్. వచ్చి చూడండి."

బొమ్మల టీచర్ మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. నిజమే. కడ్డీ చుట్టూ బెరడు పెదవుల్లా మూసుకుని ఉంది.

వార్షికోత్సవానికి వారం ముందు పెద్ద టీచర్ నుంచి పిలుపు వచ్చింది. పెద్ద టీచర్ అంటే వయసులో పెద్దదేమీ కాదు, ముప్పై ఆరేళ్ళుంటాయి. ఆ బడిలోనే చదివి, ఆ బడికే అధిపతి అయింది. నలుగురిలో బొమ్మల టీచర్ ఆమెను మేడమ్ అంటుంది, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు నువ్వంటుంది. ఆ రోజు గదిలో ఇద్దరే ఉన్నారు. అద్దం పరిచిన బల్ల మీద ముప్పై ఒక్క కాగితాలున్నాయి, వాటి పక్కన ఆ సంతకం లేని కాగితం ఉంది.

"టీచర్, ఇవేంటి?"

"చెట్లు."

"ఇందులో చెట్టెక్కడుంది? ఇది నీళ్ళ ట్యాంకు."

"వెనక చూడు, ఆకులున్నాయి. వాడికి కనిపించింది అంతే."

పెద్ద టీచర్ నుదురు రుద్దుకుంది. "ప్రతి ఏడూ హాల్లో పిల్లలు గీసిన చెట్లతో 'మన వనం' పెడతాం. ఒకే కొలత, ఒకే రంగు, వరసగా. తల్లిదండ్రులు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఈసారి వచ్చే ముఖ్య అతిథి కూడా ఇక్కడ చదివినాయనే, ఆ చెట్టు కోసమే వస్తున్నానన్నారు. ఆయనకి ఈ ట్యాంకు చూపించమంటారా?"

"చూపించు. బోల్టులు కూడా ఉన్నాయి."

"నవ్వులాట కాదు టీచర్. శనివారం లోపల అట్ట పెట్టి అందరి చేతా మళ్ళీ గీయించండి. ఒక్క పీరియడు చాలు."

"గీయించను."

ఆ మాట అంత సులువుగా వస్తుందని బొమ్మల టీచర్ కూడా అనుకోలేదు. ముప్పై ఒక్కేళ్ళలో ఆ గదిలో ఆమె అనని మాట అదొక్కటే.

పెద్ద టీచర్ బల్ల మీది కాగితం అంచు సరిచేసింది. "ఇది కూడా శనివారమే పై వాళ్ళకి పంపాలి" అంది. బెదిరించినట్టు అనలేదు. కాని బెదిరింపు కాకుండానూ పోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క మంచం మీద ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పోట్లాట. సంగతంతా విని అక్క ఒంటి కాలి మీద లేచింది.

"ఈ వయసులో నీకెందుకే ఈ తలనొప్పి? నోరు మూసుకుని ఆ అట్టేదో పెట్టించి ఇంటికి రావచ్చుగా."

"ఇన్నాళ్ళూ చేసింది అదేగా అక్కా."

"చేసి ఏం చెడిపోయావు?"

"నేను చెడిపోలేదు. వాళ్ళని చెడగొట్టాను. వాళ్ళ కళ్ళ ముందు చెట్టుంటే, అట్ట చూడమన్నాను."

అక్క దుప్పటి మడతను రెండుసార్లు తప్పుగా పెట్టింది. శనివారం పొద్దున చెల్లెలు సంచి తీసుకోబోతే అందులో రెండు గుండుసూదుల డబ్బాలున్నాయి. "తుప్పు పట్టనివి చూసి వేశాను" అంది అక్క, మొహం అటు తిప్పుకుని.

ఆ రోజే వార్షికోత్సవం, అతిథులు పది గంటలకు వస్తారు. ఏడింటికే బొమ్మల టీచర్ పిల్లల బొమ్మల కట్టతో హాలు ముందు నిలబడింది. తాళాలు బడి ఊడ్చే ఆయమ్మ దగ్గరుంటాయి. ఆయమ్మకు ఉద్యోగం పోతుందని భయం, మాట అనకుండా ఉండలేకపోవడం, రెండూ సమానంగా ఉన్నాయి.

"మేడమ్ నన్ను అడిగితే ఏం చెప్పాలమ్మా?"

"నేను లాక్కున్నానని చెప్పు."

"మీరు లాక్కోవడమా, నమ్మే మాటేదైనా చెప్పండి" అంటూనే తాళం తీసింది. స్టూలు కదలకుండా పట్టుకుంది కూడా.

అందంగా ఉన్నవి ముందూ లేనివి వెనకా అన్న లెక్క ఆమె పెట్టుకోలేదు. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా, చోట్ల వరసలోనే, తలుపుకు ఈ పక్కన మొదలుపెట్టి హాలు నాలుగు గోడలూ చుట్టి తలుపుకు ఆ పక్క దాకా గుచ్చుకుంటూ వచ్చింది. చివర ఒక కాగితమంత ఖాళీ మిగిలింది. ఆయమ్మ చీపురు పట్టుకుని గోడ వెంబడి ఊడ్చుకుంటూ వెళ్ళి, సగంలో నడుం ఎత్తి, మళ్ళీ వెనక్కి నడిచింది.

"అమ్మా, నేను మన పెరట్లో చెట్టు చుట్టూ తిరుగుతున్నట్టుందేంటి? ఇదిగో గోడవైపు, ఇదిగో కంచెవైపు, ఇదిగో ఆ ట్యాంకు దిక్కుమాలింది."

బొమ్మల టీచర్ గుండుసూదుల డబ్బా మూసి ఒకటో కాగితం దగ్గరికి వెళ్ళింది. ఆమె ఇంకా పూర్తిగా నడిచి చూడలేదు.

ఎనిమిదిన్నరకు పెద్ద టీచర్ వచ్చింది. పట్టుచీర, చేతిలో కార్యక్రమం కాగితాలు. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఇవి తీసెయ్యండి."

"తియ్యను మేడమ్."

"పోయినేడు చెట్లు బీరువాలో ఉన్నాయి. అవి పెట్టండి. లేదంటే అట్ట ఇవ్వండి, వేరే టీచర్లతో గంటలో గీయించుకుంటాను."

ఆమె అట్ట కోసం వస్తుందని బొమ్మల టీచర్‌కు తెలుసు. సంచిలోంచి అట్టను తీసింది. కత్తెర తీసింది. నల్లబడ్డ ఆ అట్టను మబ్బు మీదినుంచి మాను దాకా నిలువునా కత్తిరించింది. అట్ట గట్టిది, కత్తెర రెండుసార్లు మొరాయించింది, ఆమె పళ్ళు బిగించి మూడోసారి నొక్కింది. రెండు ముక్కలూ బల్ల మీద పెట్టింది.

"ఇది నేను చేసిన తప్పు. నేనే తీసేశాను. ఆ గోడ మీదున్నవి పిల్లలు చూసిన నిజాలు. వాటిని నేను ముట్టుకోను. నువ్వు తియ్యి. కాని ఊరికే తియ్యకు. ఏది అబద్ధమనిపిస్తే అది తీసుకుని పెరట్లోకి వెళ్ళు. వెనక నంబరుంటుంది. ఆ చోట, ఆ పిల్ల ఎత్తులో కూర్చుని చూడు. తప్పుంటే అక్కడే చింపెయ్యి. నేనేమీ అనను. సంతకం మాట నీ ఇష్టం."

ఆయమ్మ చీపురు గోడకు ఆనించి నిలబడింది. పెద్ద టీచర్ మొహం ఎర్రబడింది. తాడో పేడో తేల్చుకుంటానన్నట్టు గోడ దగ్గరికి నడిచి, మీదినుంచి కింది దాకా చూసి, చివరి కాగితాన్ని ఊడబెరికింది. ఎందుకమ్మది.

"కడ్డీ ఇటు నుంచి వెళ్ళింది, అటు రాలేదు. ఇది కూడా నిజమేనా? కంచె గీయడం కూడా రాని పిల్ల బొమ్మని గోడకెక్కిస్తారా?"

"వెళ్ళి చూడు."

ఆమె విసురుగా వెళ్ళింది. బొమ్మల టీచర్ కిటికీ దగ్గర నిలబడింది. ముప్పై ఒకటో పెంకు ముక్క దగ్గర పెద్ద టీచర్ ముందు వంగింది. వంగితే కనిపించదు, కూర్చోవాలి. చుట్టూ ఒకసారి చూసి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పట్టుచీరతోనే మట్టిలో చతికిలబడింది. కాగితం చూసింది, చెట్టును చూసింది. లేస్తుందనుకుంటే లేవలేదు. కొంతసేపటికి చెయ్యి చాపి కడ్డీ మానులోకి పోయే చోట వేళ్ళు పెట్టింది.

అలా పావుగంట దాటేసరికి బొమ్మల టీచరే పెరట్లోకి వెళ్ళింది. పెద్ద టీచర్ తల తిప్పలేదు.

"టీచర్, ఈ కడ్డీ అప్పుడు బయటే ఉండేది. చెట్టు దాన్ని తాకను కూడా తాకలేదు. నేను రోజూ దీనికి మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడేదాన్ని."

"గుర్తులేదమ్మా."

"నాకుంది. రెండో తరగతి. చెట్టు గీయమన్నారు. నేను తలకిందులుగా గీశాను. కొమ్మలు కిందికి, వేళ్ళు పైకి. వేలాడి చూసినప్పుడు అలాగే ఉంది మరి. కడ్డీ కూడా గీశాను. మీరు ఎర్ర పెన్సిల్‌తో ఇక్కడినుంచి ఇక్కడికి కొట్టేసి, అట్ట నా చేతికిచ్చి, మళ్ళీ గియ్యమన్నారు." ఆమె గొంతు పెరిగింది. "నేను గీశాను. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా మీరు చెప్పినట్టే గీశాను, అందరితో గీయించాను. ఇప్పుడు మీరే వచ్చి అది తప్పంటారు. కత్తిరించి బల్ల మీద పెడతారు. మరి నా చెట్టు ఎవరు తెచ్చిస్తారు?"

ఇన్ని రోజులూ తాను పోట్లాడుతున్నది తను అట్ట చేతికిచ్చిన ఆ రెండో తరగతి పిల్లతోనని బొమ్మల టీచర్‌కు అప్పుడు తెలిసింది. క్షమించమని అడగాలనిపించింది. కాని ఆ మాట మరీ తేలికగా ఉంటుందని ఊరుకుంది. 

"కొట్టేసే ఉంటాను. నేను తెచ్చివ్వలేను. ముప్పై రెండో చోటు ఖాళీగా ఉంది" అంది. సంచిలోంచి ఒక కాగితం, కింద పెట్టుకోవడానికి పలకలాంటి అట్టముక్క, చెక్కిన పెన్సిల్ తీసి ఇచ్చింది.

"తొమ్మిదింబావు అయింది టీచర్. పదింటికి వాళ్ళొస్తారు."

"వస్తే రానీ."

పెద్ద టీచర్ పెన్సిల్ అందుకుంది. తర్వాత ఒక చోటు పక్కకు జరిగి కూర్చుంది. మొదట రెండు నిలువు గీతలు గీసింది. ఆ పైన చెయ్యి గుండ్రంగా తిరగబోయి గాలిలోనే ఆగింది.

"రబ్బరు ఉందా?"

"లేదు. మూడుసార్లు చూడు, ఒక గీత గియ్యి."

ఆమె చూసింది. మొండిగా, కోపంగా, పళ్ళు ఊడిన పిల్లలా నాలుక కొస బయట పెట్టి గీసింది. తప్పు గీతల పక్కనే ఒప్పు గీతలు పడసాగాయి. మాను వంకర తిరిగింది. కొట్టేసిన కొమ్మల దగ్గర బొడిపెలు లేచాయి. కడ్డీ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి చాలాసేపు ఆగింది. బొమ్మల టీచర్ పక్కన నిలబడి ఏమీ చెప్పలేదు, చెప్పకుండా ఉండటం ఆ ఉద్యోగంలో ఆమెకు ఎప్పుడూ కష్టమే.

గేటు వైపు నుంచి కారు హారన్ వినిపించింది. ఆయమ్మ చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, ముఖ్య అతిథి గారొచ్చేశారు. గేటు దగ్గర నిలబడ్డారు. మీరెక్కడ అని అడుగుతున్నారు."

పెద్ద టీచర్ తల ఎత్తింది. ఆయమ్మ వైపు కాదు, చెట్టు వైపు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఆగమను" అంది. "నాకింకా ఒక కొమ్మ ఉంది."